అమ్మీకి ఎప్పుడూ పార్సిలేనా?

ఆదివారం ఫజర్ నమాజ్ అయ్యాక నయాపూల్ వైపు ఒకసారి వెళ్లి చూడండి. మసీదుల నుంచి నేరుగా వచ్చినవాళ్లు నెత్తిన టోపీలైనా తీయకుండా హోటళ్ల ముందు నిలబడి ఉంటారు. లోపల బల్లలన్నీ నిండి ఉంటాయి. జబాన్-పాయా నహారీ గిన్నెల్లోంచి ఆవిర్లు లేస్తుంటాయి. చార్ కోనీ నాన్ తుంచి అందులో ముంచుకొని, పైన ఇంత నిమ్మకాయ పిండుకొని తింటుంటే చలికాలంలో కూడా నుదుటికి చెమట పడుతుంది. తాతలు, తండ్రులు, మీసాలు మొలవని మనవలు, మూడు తరాలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. తిన్నాక ఇరానీ చాయ్. చాయ్ తర్వాత కబుర్లు. కబుర్లు కూడా అయిపోయాక, గల్లా దగ్గర డబ్బులిస్తూ, అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక మాట అంటారు: "ఔర్ ఏక్ పార్సిల్."

ఆ పార్సిల్ ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్న అమ్మీకి, దాదీకి, బీవీకి, చెల్లెళ్లకు. అది ఇల్లు చేరేసరికి నాన్ తోలులా సాగుతుంటుంది. నహారీ మీద కొవ్వు పేరుకొని తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని వేడి చేసుకోవాల్సింది కూడా వాళ్లే. వేడి చేసి, నలుగురికీ పంచి, ఆ గిన్నెలు కడిగేదీ వాళ్లే. బయటి తిండి తిన్న రోజు కూడా వంటింటి పని తప్పలేదన్నమాట!

ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాట రాయడం లేదు. మేమూ పాతికేళ్లు ఆ పార్సిల్ సంచీ మోసినవాళ్లమే. ఇంటికి తెచ్చి ఇచ్చాం గదా, మరిచిపోలేదు గదా అని మాలో మేమే మెచ్చుకున్నవాళ్లమే.

మన హైదరాబాదులో హోటలు తిండి నిన్నమొన్న పుట్టింది కాదు. ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర్లోను, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోను బయలుదేరినవాళ్లు బొంబాయి, పుణెల మీదుగా ఇక్కడికి చేరారు. నాలుగు రోడ్ల కూడళ్లలో, మూల మడిగల్లో హోటళ్లు తెరిచారు. పాలరాతి పలకల బల్లలు, వంచిన కర్ర కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ డికాక్షను ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో గంటల తరబడి మరుగుతుంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఒక చాయ్ చెప్పి రెండు కప్పుల్లో పోయించుకొని, వన్ బై టూ తాగుతూ రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాడు లేడు. రిక్షా తొక్కే మనిషీ, హైకోర్టు వకీలూ ఒకే పంకా కింద కూర్చొని చాయ్ తాగింది ఆ హోటళ్లలోనే. 1935 నాటి గ్రాండ్ హోటలు ఉన్న అదే ఆబిడ్స్‌లో ఒకప్పుడు ఓరియంట్ హోటలు అని ఉండేది. కవులు, చిత్రకారులు, రాజకీయ నాయకులు అక్కడ పొద్దుగూకులు కూర్చునేవారు. ఆ హోటలు ఇప్పుడు లేదు గాని, దాన్ని తలచుకొని పొంగిపోయే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు.

వాళ్ల జ్ఞాపకాలు మేము చాలానే విన్నాం, చదివాం. అందులో ఎక్కడా ఒక్క అమ్మగాని, ఒక్క అక్కగాని కనిపించదు. కుల మతాలు లేకుండా, ధనిక పేద తేడా లేకుండా ఊరంతా కలిసి కూర్చునేదని గర్వంగా చెప్పుకుంటాం. ఊరంతా అంటే ఊళ్లో సగమే అని ఎవరికీ తట్టలేదు.

హోటలువాళ్లదే తప్పంటే అన్యాయమవుతుంది. పాత హోటళ్లలో చాలాచోట్ల చెక్క తడికెలు కట్టి, గుడ్డ తెర వేలాడదీసి 'ఫ్యామిలీ రూం' అని రాసి పెట్టేవారు. వాళ్లు చోటు ఉంచారు. ఆ చోటుకు మన ఇళ్లలోంచి తీసుకెళ్లినవాళ్లే తక్కువ. బయటి ఊళ్ల నుంచి ఆసుపత్రికో, సాలార్‌జంగ్ మ్యూజియం చూడటానికో వచ్చిన కుటుంబాలు అందులో కూర్చునేవి. పక్క గల్లీలో ఉండేవాళ్లకు మాత్రం పార్సిల్ వెళ్లేది. ఈనాటికీ చూడండి, మదీనా చౌరస్తా చుట్టుపక్కల పేరున్న బిర్యానీ హోటళ్లకు బంజారాహిల్స్ నుంచి, కూకట్‌పల్లి నుంచి కుటుంబాలు కార్లలో వస్తాయి. వాళ్ల ఆడవాళ్లు దర్జాగా కూర్చొని, పొగలు కక్కే బిర్యానీ తిని, ఫొటోలు తీసుకొని వెళతారు. రావాలి, సంతోషం. మరి ఆ హోటలు వెనక గల్లీలో పుట్టి పెరిగిన మన చెల్లెలికి ఆ బిర్యానీ ఏనాడైనా పళ్లెంలో వచ్చిందా? డబ్బాలోనే గదా వచ్చింది!

ఈ మాట అనగానే మొదట వచ్చే జవాబు మాకు తెలుసు. పరదా. మన ఆడవాళ్లు మగవాళ్ల మధ్య కూర్చొని తినడం బాగుంటుందా అంటారు. ఆలోచించాల్సిన మాటే. కాని రంజాన్ ఆఖరి పది రోజుల్లో పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్లలో ఎవరు తిరుగుతున్నారు? మన తల్లులూ, అక్కచెల్లెళ్లూ కాదా? ఇసుక వేస్తే రాలనంత జనంలో, మగ దుకాణదారులతో గాజుల జత దగ్గర పది రూపాయలకు బేరమాడుతూ సహరీ వేళ దాకా తిరుగుతారు. అక్కడ పరదాకు భంగం రాలేదు. అదే బుర్ఖాతో, అదే నఖాబుతో, భర్తా పిల్లల మధ్య ఒక మూల బల్ల దగ్గర కూర్చొని వేడి వేడి హలీం తింటే భంగం వస్తుందా? హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం మురిసిపోయాం. ఆ హలీంను బట్టీ దగ్గర నిలబడి, వేయించిన ఉల్లిపాయ కరకరలాడుతుండగా తిన్నవాళ్లంతా మగవాళ్లే. ఇంట్లో ఉన్నవాళ్లకు అందింది మెత్తబడిన ఉల్లిపాయ. అన్ని గంటలు బజార్లో తిరిగిన ఆడమనిషి ఆకలేస్తే ఏం తింటుందని ఎవరైనా అడిగారా? బండి మీద జామకాయ ముక్కలు, మహా అయితే ఒక గ్లాసు చెరకు రసం. అదీ గోడవైపు తిరిగి నిలబడి.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ఒక సంఘటన ఉంది. మా మాటల్లో చెబుతాం. దైవప్రవక్త (స) పొరుగున పర్షియా దేశస్థుడు ఒకాయన ఉండేవాడు. మాంసం పులుసు చాలా రుచిగా వండేవాడు. ఒకనాడు వండి, ప్రవక్తను (స) పిలవడానికి వచ్చాడు. హజ్రత్ ఆయిషా (రజి) వైపు చూపించి, మరి ఈమె సంగతేమిటని ప్రవక్త (స) అడిగారు. ఆమెకు పిలుపు లేదన్నాడు ఆయన. అయితే నేనూ రానన్నారు ప్రవక్త (స). ఆయన మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే నిరాకరణ. మూడోసారి పిలిచినప్పుడు, ఈమె కూడానా అని అడిగితే, అవునన్నాడు. అప్పుడు ఇద్దరూ లేచి ఒకరి వెనక ఒకరు ఆయన ఇంటికి వెళ్లారు.

ఆ పొరుగాయన ఒక గిన్నెలో కాస్త పోసి ఇస్తే ఇంటికి తెచ్చి ఇవ్వవచ్చు గదా? పార్సిల్ అన్నమాట! అలా చేయలేదు. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఆ హదీసులో పులుసుకు వాడిన అరబ్బీ మాట 'మరఖ్'. మన వలీమా విందుల్లో మొట్టమొదట వడ్డించే 'మరగ్' ఉందే, ఆ మాట అక్కడిదే. మాట మన దాకా వచ్చింది. ఈమె సంగతేమిటనే ప్రశ్న దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది.

ఇక మా ఇంటి సంగతి. మా దాదీ షాలిబండ దగ్గర ఒక గల్లీలో అరవై ఏళ్లు కాపురం చేశారు. ఇంటి దాబా ఎక్కితే చార్మినార్ మీనార్లు కనిపిస్తాయి. ఆ గల్లీ మొదట్లోనే ఒక ఇరానీ హోటలు. అందులోంచి బిస్కెట్లు కాలే వాసన రోజూ రెండు పూటలా మా ఇంట్లోకి వచ్చేది. ఆ హోటలు ముందు నుంచే ఆమె బజారుకు, ఆసుపత్రికి, చుట్టాల ఇళ్లకు వెళ్లి వచ్చారు. గడప మాత్రం ఎన్నడూ తొక్కలేదు. "ఎన్నడైనా పోవాలనిపించలేదా దాదీ?" అని అడిగితే నవ్వి, "పిలిచిందెవరు బేటా?" అన్నారు.

మేము ఆ శుక్రవారమే తీసుకెళ్లాం. ఫ్యామిలీ సెక్షన్ పై అంతస్తులో ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆ ఇరుకు మెట్లు ఎక్కలేక సగంలో ఆగి గోడ పట్టుకున్నారు. వెనక్కి దిగి, గల్లా మీద కూర్చున్న మనిషికి చెబితే, ఆయన లేచి వచ్చి "ఆయియే అమ్మా" అంటూ కిందనే ఒక మూల బల్ల చూపించాడు. పక్క బల్లవాళ్లు కుర్చీలు కాస్త అటు జరుపుకున్నారు. అంతే. ప్రళయమేమీ రాలేదు.

సర్వరు వచ్చి "క్యా హోనా అమ్మా?" అన్నాడు. దాదీ మా ముఖం చూశారు. తనకేం కావాలో తనను అడగడం ఆమెకు కొత్త. కాస్త ఆలోచించి, చాయ్ అన్నారు. మరి కాసేపు ఆగి, బిస్కెట్ కూడా అన్నారు. చాయ్‌ని సాసరులో పోసుకొని ఊదుకుంటూ తాగారు. బిస్కెట్ ముంచుకు తిని, "ఇంటికి తెచ్చేది ఇదేనా? ఇది వేరే ఉందే!" అన్నారు. అది వేరే ఏమీ కాదు. అదే బట్టీ, అదే పళ్లెం. బట్టీలోంచి తీసి పావుగంట కూడా కాలేదు, తేడా అదొక్కటే.

తర్వాత బిర్యానీ వచ్చింది. దానికి మాత్రం దాదీ దగ్గర మార్కులు పడలేదు. బియ్యం ఒక ఉడుకు ఎక్కువైందన్నారు. కేసరి కాదు, రంగు వేశారన్నారు. తింటూనే ఉన్నారు, వంకలు పెడుతూనే ఉన్నారు. అరవై ఏళ్లు ఇంటిల్లిపాది చేత వంకలు పెట్టించుకున్న మనిషి గదా, ఒక్క పూట ఆమె కూడా పెట్టనివ్వండి అనుకున్నాం.

తినడం అయ్యాక ఆమె అలవాటు చొప్పున పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. ఎముకలు ఒక పక్కకు తీసి, ఎంగిలి గ్లాసులు దగ్గరికి లాక్కున్నారు. సర్వరు పరుగున వచ్చి "ఛోడో అమ్మా, మై లేతూం" అంటూ చేతిలోంచి తీసుకున్నాడు. దాదీ ఖాళీ చేతులు బల్ల మీద పెట్టుకొని అలాగే కూర్చుండిపోయారు. వాటితో ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఆ చేతులు అంత ఖాళీగా ఉండగా మేమెప్పుడూ చూడలేదు.

ఇంటి వంటే మేలు, హోటలు తిండి ఆరోగ్యానికి చెరుపు అని కొందరంటారు. రోజూ తింటే చెరుపే. నెలకొకసారి తింటే ఎవరి ఆరోగ్యమూ పాడవదు. పైగా ఈ ఆరోగ్య సూత్రం వారానికి మూడుసార్లు బయట తినే మగవాళ్ల నోటినుంచే వినిపిస్తుంది. ఖర్చు అంటారా? అందులో నిజముంది. ఆరుగురున్న ఇంట్లో అందరూ బిర్యానీకి వెళితే మాటలు కాదు. కాని హోటలంటే బిర్యానీ ఒక్కటేనా? నగరంలో ఉడుపి హోటళ్లున్నాయి. ఇడ్లీ, దోసె, ఫిల్టరు కాఫీతో కడుపు నిండుతుంది, శాకాహారం కాబట్టి హలాలా కాదా అన్న అనుమానానికి తావే లేదు. అక్కడ మొదటి నుంచీ ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. మన ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే ఒక దోసె తినడానికి వెళితే ఎంతవుతుంది? ఇద్దరు మగవాళ్లు తినే నహారీ అంత కూడా కాదు. చాయ్, లుఖ్మీ, బిస్కెట్లతో కూడా ఒక సాయంత్రం గడుస్తుంది.

న్యాయంగా ఒకరిని మెచ్చుకోవాలి. ఈ విషయంలో మన నగరంలో కాస్త మార్పు తెచ్చింది మందీ హోటళ్లు. యెమెన్‌లోని హజ్రమౌత్ ప్రాంతపు అరబ్బులు నిజాం సైన్యంలో చేరి ఇక్కడే స్థిరపడిన బస్తీ బార్కస్. సైనికుల బ్యారక్స్ వల్లనే ఆ పేరు వచ్చింది. మందీ ఆ యెమెన్ దేశపు వంటకమే. బార్కస్‌లో మొదలై టోలీచౌకీ దాకా, ఇప్పుడు ఊరంతా ఈ హోటళ్లు వెలిశాయి. నేల మీద తివాచీలు, ఆనుకోవడానికి దిండ్లు, కుటుంబానికొక తెర గది, మధ్యలో ఒకే పెద్ద పళ్లెం. బిస్మిల్లా అని అందరూ అందులోనే చేతులు పెట్టి, ఎవరి వైపున్నది వాళ్లు తింటారు. అత్తా కోడలూ ఒకే పళ్లెంలో తినడం మేము అక్కడే చూశాం. మంచి మాంసం ముక్కను ఏడేళ్ల మనవరాలు నానీ వైపు నెట్టడం కూడా అక్కడే చూశాం. పరదా అంటే ఇంట్లో కూర్చోబెట్టడం ఒక్కటే దారి కాదని ఆ హోటళ్లు రుజువు చేశాయి. అయితే వాటిలో ఒక జబ్బు ఉంది. పళ్లెం పెద్దదని గొప్పకు చెప్పి, సగం అన్నం వదిలేసి లేస్తున్నారు. కళ్లకు ఆకలి ఉంటే పొట్ట ఏం చేస్తుంది? ముగ్గురికి ఇద్దరి పళ్లెం చెప్పండి, చాలకపోతే మళ్లీ అడగవచ్చు. మిగిలితే అప్పుడు చేయించండి పార్సిల్!

హోటళ్ల యజమానులకూ నాలుగు మాటలు. ఫ్యామిలీ సెక్షన్ అంటే పై అంతస్తులో గాలాడని కొట్టు అని ఎవరు నిర్ణయించారు? అమ్మలు, నానీలు మోకాళ్లతో ఎలా ఎక్కుతారు? కిందనే రెండు బల్లలు, ఒక తెర చాలు. ఆడవాళ్లకు విడిగా, తలుపు గడియ పడే, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి ఉండాలి. చాలామంది తల్లులు బయట తినకపోవడానికి అసలు కారణం పరదా కాదు, ఇదే. నోరు విప్పి చెప్పరు గాని, బయటికి వెళ్లే రోజు పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. నగరంలో ఒక పేరున్న హోటల్లో మేము ఈ సంగతి అడిగితే "లేడీస్ అంతసేపు కూర్చోరు సార్" అన్నారు. ఎందుకు కూర్చోరో ఆయనకు తట్టలేదు. మగ్రిబ్ వేళ నమాజుకు రెండు చాపలు పరిచేంత జాగా ఆడవాళ్లకు కూడా చూపిస్తే దీవిస్తారు.

ఇప్పుడు ఫోనులోనే హోటలంతా ఉంది. నొక్కితే ఇంటి ముందుకు వస్తుంది. 2020లో కరోనా వచ్చి అందరినీ ఇళ్లలో కూర్చోబెట్టినప్పటి నుంచి ఈ అలవాటు మరీ పెరిగింది. మేము మొత్తుకుంటున్న పార్సిలే ఇప్పుడు మగవాళ్లకూ వచ్చిందని ఆడవాళ్లు నవ్వుకోవచ్చు. కాని ఇందులో పోయేదేమిటంటే ఆ కుర్చీ. అందరూ తెప్పించుకుంటే హోటలువాడు కుర్చీలెందుకు వేస్తాడు, అద్దె ఎందుకు కడతాడు? ఇరానీ హోటళ్లు ఎన్నో ఇప్పటికే మూతపడి బట్టల కొట్లు, మందుల దుకాణాలు అయ్యాయి. మన అమ్మలు ఒక్కసారైనా కూర్చోకుండానే ఆ కుర్చీలు ఎత్తేస్తారేమోనన్నదే మా బెంగ.

ఈ గొడవ ఒక్క హైదరాబాదుదే కాదు. కర్నూలులో ఉగ్గాణి, బజ్జీ తినే బండి దగ్గరా, కడపలో కారం దోసె పెనం దగ్గరా మన మగవాళ్లు నిలబడే ఉంటారు. మీ ఊళ్లో కూడా ఏదో ఒక హోటలు ఉంటుంది, దాని ముందు నుంచి మీ అమ్మ నలభై ఏళ్లుగా నడిచి వెళుతూనే ఉంటుంది. ఆమెను తీసుకెళ్లండి. తీసుకెళ్లాక మెనూ కార్డు మీరు లాక్కోకండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి. ఏం కావాలో ఆమెనే చెప్పనివ్వండి. "నాకేం వద్దు, మీరు తినండి" అంటుంది. మూడోసారి కూడా అడగండి.

మా దాదీ సంగతి మధ్యలో వదిలేశాం. మరుసటి శుక్రవారం అసర్ నమాజ్ కాగానే ఆమె బుర్ఖా తొడుక్కొని వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఎక్కడికి దాదీ అని అడిగితే జవాబివ్వలేదు. దుపట్టా కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన వంద రూపాయల నోట్లు రెండు తీసి మా చేతిలో పెట్టారు. "పోయినసారి నువ్వు కట్టావు గదా. ఈసారి నాది," అన్నారు.